38 నుంచి 42కి పెరిగితే కిడ్నీ బాగుపడినట్టేనా?

ప్రశ్న: మావారికి 36 ఏళ్లు. ఏడాదిగా ఎడమ డొక్కలో నొప్పి వచ్చి పోతోంది. నీళ్లు ఎక్కువ తాగిన రోజైతే మరీ ఎక్కువ. అల్ట్రాసౌండ్‌లో ఎడమ కిడ్నీ ఉబ్బిందని, రాళ్లేమీ లేవని, కిడ్నీ నుంచి మూత్రనాళం మొదలయ్యే చోట సన్నబడి ఉండొచ్చని చెప్పారు. రక్తంలో వ్యర్థం ఎంతుందో చెప్పే క్రియాటినిన్ 0.9. యూరాలజిస్టు రాసిస్తే డీటీపీఏ స్కాన్ చేయించాం. ఎడమ కిడ్నీ 38 శాతం, కుడి 62 శాతం, మొత్తం జీఎఫ్ఆర్ 84, ఎడమవైపు టీ-హాఫ్ 26 నిమిషాలు అని వచ్చింది. ఆపరేషన్ చేయించుకోమన్నారు. భయపడి ఆగాం. ఆరు నెలల తర్వాత వేరే ఆసుపత్రిలో ఈసీ స్కాన్ చేయిస్తే ఎడమది 42 శాతం, టీ-హాఫ్ 17 నిమిషాలు వచ్చింది. అందులో జీఎఫ్ఆర్ రాయనే లేదు. మా అత్తగారు వాళ్లేమో ‘నాలుగు శాతం పెరిగింది కదా, దానంతటదే తగ్గిపోతోంది, ఇంక ఆపరేషన్ దేనికి’ అంటున్నారు. నిజంగా తగ్గుతోందా? మొదటిసారి 38 అంటే మిగతా 62 శాతం పాడైపోయినట్టేనా? రక్తపరీక్ష బాగానే ఉంటే ఆపరేషన్ ఎందుకు? రెండుసార్లు రేడియేషన్ మందు ఎక్కించారు, ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. తనకేమైనా అవుతుందా? మూడోసారి చేయించి చూడమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా మిమ్మల్ని ఎక్కువగా కంగారుపెడుతున్న విషయం చూద్దాం. మీవారి ఎడమ కిడ్నీలో 62 శాతం పాడైపోలేదు. ఆ రిపోర్టుకు అర్థం అది కాదు. అలాగే 38 కాస్తా 42 అయినంత మాత్రాన జబ్బు తగ్గుతోందని కూడా అనుకోకూడదు. ఈ రెండు పొరపాట్లూ ఒకే చోట పుడతాయి. ఆ శాతం దేనికి సంబంధించిందో రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఎవరూ విడమరిచి చెప్పరు.

ఈ స్కాన్‌లో కొద్దిపాటి రేడియేషన్ ఉన్న మందును నరంలోకి ఎక్కించి, అది కిడ్నీల్లోకి ఎలా చేరి ఎలా దిగుతోందో కెమెరాతో చూస్తారు. రెండు కిడ్నీలూ కలిసి చేసే పనిని 100 అనుకుంటే అందులో ఎడమదాని వాటా ఎంత, కుడిదాని వాటా ఎంత అన్నదే ఆ అంకె. ఇద్దరు అన్నదమ్ములు పండిన ధాన్యాన్ని 38 పాళ్లు, 62 పాళ్లుగా పంచుకున్నారంటే, ఎవరికి ఎక్కువ వచ్చిందో తెలుస్తుంది కానీ అసలు పండింది పది బస్తాలా, వంద బస్తాలా అన్నది తెలియదు. ఇదీ అంతే. రెండు కిడ్నీలూ బాగా దెబ్బతిన్న మనిషికి కూడా 50–50 అని రావచ్చు. చూడ్డానికి ఎంతో బాగున్న రిపోర్టు, లోపల మనిషి డయాలసిస్‌కు దగ్గర్లో ఉండొచ్చు. పూర్తి ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా రెండూ సరిగ్గా సమానంగా ఉండాలని లేదు. 45 నుంచి 55 మధ్యలో ఎంతున్నా మామూలే. కాబట్టి మీవారి ఎడమ కిడ్నీ ఉండాల్సిన వాటా కన్నా కొంత తక్కువ పని చేస్తోంది. పాడైపోయిందనడానికి, తక్కువ చేస్తోందనడానికి చాలా తేడా ఉంది.

ఎంత తక్కువ? మొదటి రిపోర్టులో మొత్తం జీఎఫ్ఆర్ 84 అన్నారు. కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తద్రవాన్ని వడకడుతున్నాయో చెప్పే లెక్క అది. 84లో 38 శాతం అంటే సుమారు 32. మిగతా 52 కుడిదానిది. ఈ వయసులో రెండూ కలిసి వంద అటూ ఇటూ వడకట్టాలి, అంటే ఒక్కోటి యాభై దాకా. ఆ లెక్కన కుడిది పూర్తిగా బాగుంది, ఎడమది చేయాల్సిన పనిలో మూడింట రెండు వంతులు చేస్తోంది. కాపాడుకోవడానికి తగినంత మిగిలి ఉన్న కిడ్నీ అది. ఈ మాట దయచేసి మీవారికి కూడా చెప్పండి. 38 శాతం అని చూసి తన కిడ్నీ పోయిందనే ఆయన అనుకుంటూ ఉండి ఉంటారు.

అయితే ఆ 84ని కూడా మరీ రాతిమీద గీతలా తీసుకోకండి. ఎక్కించే ముందు సిరంజిలో ఎంత మందుంది, ఎక్కించాక ఎంత మిగిలింది అని కెమెరా కింద పెట్టి కొలుస్తారు. మందు వెళ్లాక రెండో నిమిషం నుంచి మూడో నిమిషం దాకా కిడ్నీల్లోకి ఎంత చేరిందో చూస్తారు. మనిషి ఎత్తు, బరువుల్ని బట్టి కిడ్నీ వీపుకు ఎంత లోతున ఉంటుందో అంచనా కడతారు. 1982 నుంచి వాడుకలో ఉన్న గేట్స్ పద్ధతి ఇది. సూది గుచ్చిన చోట కాస్త మందు బయటికి చిమ్మినా, కిడ్నీ అంచనా కన్నా లోతుగా ఉన్నా లెక్క మారిపోతుంది. 36 ఏళ్ల మగవారికి క్రియాటినిన్ 0.9 ఉంటే రక్తపరీక్ష సూత్రం ప్రకారం జీఎఫ్ఆర్ 110 దాటాలి. స్కానేమో 84 అంది. రెండింటికీ ఇంత తేడా రావడం అరుదేమీ కాదు. ఖచ్చితమైన అంకె కావాల్సి వస్తే, అంటే కిడ్నీ దానం చేసేవారికో, కిడ్నీ పనితీరును బట్టి కీమో మందు మోతాదు వేయాల్సినవారికో, మందు ఎక్కించాక కొన్ని గంటల వ్యవధిలో రక్తం తీసి లెక్కగట్టే పద్ధతి ఉంది. మీవారి విషయంలో అంత అవసరం రాదు. ఇక్కడ అసలు ప్రశ్న మొత్తం ఎంతన్నది కాదు, ఎడమది ఎంత అన్నది.

క్రియాటినిన్ బాగుంటే ఆపరేషన్ ఎందుకన్న మీ ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. క్రియాటినిన్ రెండు కిడ్నీల ఉమ్మడి ఫలితం. ఒకటి వెనకబడితే రెండోది ఆ బరువు మోస్తుంది, రక్తంలో ఏమీ కనబడదు. ఒక కిడ్నీ దానం చేసి మిగిలినదానితో హాయిగా తిరుగుతున్నవారిలో చాలామందికి క్రియాటినిన్ మామూలుగానో, కాస్త పైగానో మాత్రమే ఉంటుంది. అందుకే ఒకవైపు అడ్డు ఉన్నప్పుడు రక్తపరీక్ష బాగుందని ధైర్యపడి కూర్చోవడం ప్రమాదం. రక్తపరీక్ష ప్రమాద గంట మోగించే వేళకి ఒక కిడ్నీ ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. అల్ట్రాసౌండ్, సీటీ కిడ్నీ ఆకారాన్ని చూపిస్తాయి. ఉబ్బిందా, రాయి ఉందా, గోడ పలచబడిందా అన్నవి వాటిలో తెలుస్తాయి. ఏ కిడ్నీ ఎంత పని చేస్తోంది, మూత్రం సాఫీగా దిగుతోందా అన్నవి విడివిడిగా చూపించడంలో ఈ స్కాన్‌కి సాటి వచ్చేవి తక్కువ.

ఇక రెండు రిపోర్టుల సంగతి. మొదట వాడింది డీటీపీఏ. అది కిడ్నీలోని వడపోత గుచ్ఛాల గుండా మాత్రమే వెళ్తుంది, అందుకే దాంతో జీఎఫ్ఆర్ లెక్కగట్టగలరు. రెండోసారి వాడిన ఈసీ వేరే దారిలో పోతుంది. కిడ్నీలోని సన్నని నాళికల కణాలు దాన్ని రక్తం నుంచి లాగి మూత్రంలోకి వదులుతాయి. ఎక్కువ దేశాల్లో వాడే మాగ్-3 అనే స్కాన్ మందు కూడా ఈ జాతిదే. కిడ్నీ గుండా ఒకసారి రక్తం పోయినప్పుడు డీటీపీఏలో అయిదో వంతే బయటికి వస్తుంది, ఈసీలో అయితే సగానికి పైగా వచ్చేస్తుంది. అందుకే ఈసీ బొమ్మలు స్పష్టంగా ఉంటాయి, ఉబ్బిన కిడ్నీకి, పనితీరు తగ్గిన కిడ్నీకి, పసిపిల్లలకి అదే మేలు. కానీ అది వడపోతను కొలవదు కాబట్టి జీఎఫ్ఆర్ రాయలేదు. వాళ్లు మర్చిపోయి వదిలేసింది కాదది.

అంటే రెండుసార్లూ మందు వేరు, కెమెరా వేరు, కంప్యూటర్ తెరమీద కిడ్నీ చుట్టూ గీత గీసిన మనిషి కూడా వేరు. ఈ గీత గురించి కొంచెం చెప్పాలి. స్కాన్ అయ్యాక టెక్నీషియన్‌గాని డాక్టరుగాని తెరమీద ఒక్కో కిడ్నీ చుట్టూ హద్దు గీస్తారు. పక్కనే ఇంకో చిన్న హద్దు గీసి, చుట్టుపక్కల కండరాల నుంచి, రక్తం నుంచి వచ్చే లెక్కను తీసేస్తారు. మందు కిడ్నీలో చేరాక, ఇంకా కిందికి దిగక ముందు, రెండో నిమిషం ప్రాంతంలో ఏ హద్దులో ఎంత ఉందో చూసి వాటా కడతారు. ఉబ్బిన కిడ్నీకి అంచు ఎక్కడ ముగుస్తుందో తేల్చడం కష్టం. గీత కాస్త లోపలికో బయటికో జరిగితే రెండు మూడు శాతం ఇట్టే మారుతుంది. అదే మనిషికి, అదే మందుతో, అదే చోట మళ్లీ చేసినా అయిదు శాతం దాకా తేడా రావచ్చు. కాబట్టి మీవారి 38, 42 రెండూ ఒకే మాట చెబుతున్నాయి. ఎడమ కిడ్నీ వాటా నలభై ప్రాంతంలో ఉంది, ఆరు నెలల్లో అది దిగజారలేదు. దిగజారకపోవడం మంచి వార్తే. పెరగడం మాత్రం కాదు. ఒకవేళ మీ రెండు రిపోర్టులూ తారుమారై, ముందు 42, తర్వాత 38 వచ్చి ఉన్నా ఇంతే స్థిమితంగా ఇదే మాట చెప్పేవాణ్ని.

టీ-హాఫ్ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే ఫ్యూరోసెమైడ్, మీకు లాసిక్స్ అంటే తెలుస్తుంది, ఆ ఇంజెక్షన్ ఇచ్చాక కిడ్నీలో నిలిచిన మందు సగానికి తగ్గడానికి పట్టే సమయమే టీ-హాఫ్. పది నిమిషాల లోపు తగ్గితే దారి బాగుంది. ఇరవై దాటితే అడ్డు ఉన్నట్టు అనుమానించాలి. మధ్యలో వస్తే అటూ ఇటూ తేల్చలేని స్థితి. మీకు 26 వచ్చింది, తర్వాత 17 వచ్చింది. అడ్డు కొంచెం విడిందనిపిస్తుంది. కానీ లాసిక్స్ ఎప్పుడిచ్చారో రిపోర్టులో చూడండి. కొన్నిచోట్ల స్కాన్ మందు ఎక్కించిన ఇరవై నిమిషాలకు ఇస్తారు, కొన్నిచోట్ల రెండూ కలిపి ఒకేసారి ఇస్తారు, ఇంకొన్నిచోట్ల పదిహేను నిమిషాలు ముందే ఇస్తారు. లాసిక్స్ పూర్తి బలం అందుకోవడానికి ఓ పావుగంట పడుతుంది కాబట్టి, ఎప్పుడిచ్చారన్నదాన్ని బట్టి టీ-హాఫ్ మారిపోతుంది. ఆ రోజు మీవారు ఎన్ని నీళ్లు తాగారు, స్కాన్‌కి ముందు మూత్రం పోసి వచ్చారా లేదా అన్నదాని మీద కూడా. మూత్రాశయం నిండి ఉంటే పైనున్న కిడ్నీ ఖాళీ కావడానికి మొరాయిస్తుంది. పైగా బాగా ఉబ్బిన కిడ్నీలో అడ్డు లేకపోయినా మందు లోపలే తిరుగుతూ ఆలస్యంగా దిగుతుంది. పని బాగా తగ్గిన కిడ్నీ లాసిక్స్‌కు స్పందించదు కనుక అక్కడ టీ-హాఫ్ అంకెకు విలువే లేదు. మీవారిది ఈ చివరి కోవ కాదు, నలభై శాతం కిడ్నీ లాసిక్స్‌కి బాగానే స్పందిస్తుంది.

నేనైతే టీ-హాఫ్ కన్నా ముందు, కిడ్నీలో మందు నిమిషనిమిషానికి ఎంతుందో చూపే గ్రాఫ్ గీతను చూస్తాను. రిపోర్టులో రెండు రంగుల్లో రెండు గీతలు ఉంటాయి, ఒక్కో కిడ్నీకి ఒకటి. మీవారి కుడి గీత చూడండి. మూడు నుంచి అయిదు నిమిషాల మధ్య శిఖరానికి చేరి, తర్వాత జారుడుగా కిందికి దిగుతుంది. ఎడమది అలా దిగకుండా పైకి పోతూనే ఉండి, లాసిక్స్ ఇచ్చాకే వంగిందా? వంగి ఎంతవరకు దిగింది? అన్నిటికన్నా ముఖ్యం, చివర్లో ఆయన్ని లేపి నిలబెట్టి, మూత్రం పోసి రమ్మని, మళ్లీ ఒక బొమ్మ తీశారా? నిలబడితే మూత్రం బరువుకే కొంత దిగిపోతుంది. పడుకున్నప్పుడు ఆగిపోయినట్టు కనబడ్డ కిడ్నీ, నిలబడి వచ్చాక ఖాళీ అయిపోతే అది వేరే కథ. రెండుసార్లూ ఆ చివరి బొమ్మ ఉందో లేదో వెతకండి. లేకపోతే ఆపరేషన్ నిర్ణయానికి ముందు ఆ విషయం యూరాలజిస్టును అడగడానికి మొహమాటపడకండి.

రేడియేషన్ గురించి మీ భయం నాకు అర్థమవుతోంది, పాప ఉన్న ఇంట్లో ఎవరికైనా ఉంటుంది. ఈ స్కాన్లలో వాడేది టెక్నీషియం-99ఎమ్. దాని బలం ప్రతి ఆరు గంటలకు సగమైపోతుంది. ఒక రోజు గడిచేసరికి పదహారో వంతు మిగలాలి, కానీ ఈలోపే ఎక్కువ భాగం మూత్రంలో బయటికి పోతుంది కనుక నిజానికి అంత కూడా ఉండదు. ఆరు నెలల క్రితం ఎక్కించింది ఇప్పుడు ఒంట్లో లేదు. ఒక్కో స్కాన్‌లో ఒంటికి తగిలే రేడియేషన్ సుమారు 1 నుంచి 2 మిల్లీసీవర్టులు. భూమి నుంచి, ఆకాశం నుంచి, పీల్చే గాలి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు ఎలాగూ తగులుతాయి. కడుపు సీటీ స్కాన్ ఒక్కదానికే దీనికి అనేక రెట్లు అవుతుంది. మీ పాపకి చేరింది లెక్కలోకి రానంత తక్కువ. స్కాన్ అయిన రోజు నీళ్లు బాగా తాగి తరచూ మూత్రం పోయడం, ఫ్లష్ చేసి చేతులు బాగా కడుక్కోవడం, ఆ పూటకి పాపని గంటలకొద్దీ ఒళ్లో కూర్చోబెట్టుకోకపోవడం, అంతే. ఇది సీటీలో ఇచ్చే అయోడిన్ మందు కూడా కాదు. కిడ్నీకి ఏ హానీ చేయదు కనుకనే క్రియాటినిన్ ఎక్కువున్నవారికి కూడా ధైర్యంగా చేస్తారు. గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నవారు, పాలిచ్చే తల్లులు మాత్రం ముందే చెప్పాలి.

ఇంతకీ ఆపరేషన్ మాట. మీవారిని నేను చూడలేదు, చూసిన యూరాలజిస్టు మాటే చెల్లుతుంది. కానీ మీరు రాసినదాన్ని బట్టి ఆయన సలహా నాకు సబబుగానే తోస్తోంది. నీళ్లు ఎక్కువ తాగినప్పుడు నొప్పి పెరగడం చాలా విలువైన ఆనవాలు. మూత్రం ఎక్కువ తయారై, సన్నటి దారిలో దిగలేక, కిడ్నీలో మూత్రం చేరే గిన్నె సాగితే వచ్చే నొప్పి అది. దానికి ఉబ్బు తోడైంది, వాటా 45 కన్నా తగ్గింది, రెండు స్కాన్లలోనూ దిగడం ఆలస్యమైంది. నాలుగూ ఒకే వైపు చూపిస్తున్నాయి. నొప్పి లేకుండా, వాటా 48 ఉండి, టీ-హాఫ్ ఒక్కటే 17 వచ్చి ఉంటే, ఆగి చూద్దామనేవాణ్ని. ఆ సన్నటి భాగాన్ని తీసేసి నాళాన్ని మళ్లీ కలిపే పైలోప్లాస్టీ ఆపరేషన్ బాగా స్థిరపడ్డ చికిత్స, చిన్న రంధ్రాల గుండా కూడా చేస్తున్నారు. రేపే చేయించుకోవాల్సిన అత్యవసరం లేదు. కానీ నాలుగు శాతం పెరిగిందన్న ధీమాతో ఏళ్ల తరబడి పక్కన పెట్టేయడానికి మాత్రం ఆ రిపోర్టు ఒప్పుకోదు. మీ అత్తగారితో మాట్లాడేటప్పుడు ‘పెరగలేదు, నిలకడగా ఉంది, నిలకడగా ఉన్నప్పుడే బాగు చేయించుకుంటే మంచిది’ అని చెప్పి చూడండి. వాళ్లది కొడుకు మీద ప్రేమతో వచ్చిన భయమే కదా.

మూడో స్కాన్ ఇప్పుడు వద్దు. రెండింటికీ పొంతన కుదరడం లేదని మూడోచోట మూడో మందుతో చేయిస్తే ఇంకో అంకె వస్తుంది, ఇంకో గందరగోళం మొదలవుతుంది. ఆపరేషన్ కొన్నాళ్లు వాయిదా వేయాలనే మీరు, డాక్టరు కలిసి అనుకుంటే, మళ్లీ ఎప్పుడు చేయించాలో ఆయన్నే అడిగి, పాత రెండుచోట్లలో ఒకదాన్ని ఎంచుకుని, అక్కడే, అదే మందుతో, లాసిక్స్ అదే వేళకి ఇచ్చేలా చేయించండి. ఉబ్బిన కిడ్నీకి ఈసీ మేలు కనుక నేనైతే రెండోచోటినే ఎంచుకుంటాను. స్కాన్‌కి ఓ గంట ముందు నుంచి అర లీటరు దాకా నీళ్లు తాగాలి, పడుకోబోయే ముందు మూత్రం పోసి రావాలి. ఖాళీ కడుపుతో వెళ్లక్కర్లేదు. బీపీ మందులు వాడుతుంటే ఏవి వాడుతున్నారో ముందే చెప్పాలి, వాటిలో కొన్ని కిడ్నీ గీతనే మార్చేస్తాయి. పాత రిపోర్టు చివరి కాగితం ఒక్కటే కాదు, గీతలు, బొమ్మలు ఉన్న పేజీలన్నీ తీసుకెళ్లండి. ఈసారి అదే చోట వాటా అయిదు పాయింట్లకి మించి, ముఖ్యంగా పది పాయింట్ల దాకా తగ్గితే మాత్రం ఇక ఆపరేషన్‌కి వెనకాడకండి.

ఆపరేషన్ అయ్యాక ఏమనుకోవాలో కూడా ఇప్పుడే తెలిస్తే తర్వాత బెంగ ఉండదు. మూత్రం దిగడానికి లోపల పెట్టే సన్నటి గొట్టాన్ని, అంటే స్టెంట్‌ను, కొన్ని వారాలకు తీసేస్తారు. ఆ తర్వాత అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ ఇంకా ఉబ్బినట్టే కనబడొచ్చు. ఏళ్లుగా సాగిన సంచి వెంటనే ముడుచుకోదు. ఆపరేషన్ ఫలించిందో లేదో చెప్పేది కొన్ని నెలల తర్వాత చేసే ఈ స్కానే. అప్పుడు 40 కాస్తా 50 కావాలని ఆశ పెట్టుకోకండి. పెద్దవాళ్లలో పోయిన పని చాలామటుకు తిరిగి రాదు. వాటా నలభై దగ్గరే నిలిచి, గీత సాఫీగా కిందికి దిగి, నీళ్లు తాగినా నొప్పి రాకపోతే ఆపరేషన్ సఫలమైనట్టే.

ఈలోగా ఒక్క జాగ్రత్త. ఎడమ డొక్కలో నొప్పితో పాటు చలి, జ్వరం వచ్చినా, మూత్రం మంటగా ఎర్రగా వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. అడ్డుపడ్డ కిడ్నీలో చీము పడితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. అది పగలైనా రాత్రైనా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, ఎడమ కిడ్నీకి అడ్డు ఉందన్న మాట ముందుగా చెప్పండి.